పక్కపక్క మంచాలు

నాంపల్లిలో దవాఖాన ఎదురుగా ఇరానీ హోటల్. జన్యు పరీక్ష ఫలితం తెలుసుకుని రత్నాకర్ అప్పుడే రోడ్డు దాటి వచ్చాడు. చెల్లెలు సునంద అతని కోసం ఇక్కడే కూర్చుని ఉంది.

“చాయ్ చల్లారిపోయిందన్నా. ఇంకోటి చెప్తా.”

“ఒద్దులే, గిదే తాగుత.”

“ఏమన్నది డాక్టరమ్మ?”

“ఏమంటది... చానా మంది ఉన్నరు లోపట. కూసోనీకి జాగనే లేదు.”

“అన్నా.”

“నువ్వేమన్న తిన్నవా? బిస్కెట్లు చెప్పాల్నా?”

“నేను తినే సంగతి తర్వాత. నీ సంగతి చెప్పు.”

“చెప్త. జర ఊపిరి తీసుకోనీ.”

“ఉన్నదా? అమ్మకున్న జీను నీకు గూడ ఉన్నదా, నా లెక్కనే?”

“అది కాదు సునందా...”

“ఉంటే ఉండనీ, ఫికర్ చెయ్యకు. క్యాన్సర్ రాకముందే ఇద్దరం ఒక్కటేసారి ఆపరేషన్ చేపిచ్చుకుందం. పక్కపక్క మంచాలియ్యమని అడుగుదాం. కడుపు మొత్తం తీసేసినా బతుకుతరంట. గొంతు గొట్టాన్ని తీస్కపోయి పేగుకు కలుపుతరు. జర్రంత జర్రంత, మాటిమాటికి తినాలె, గంతే. నువ్వు మరిస్తే నేను ఫోన్ చేస్త, నేను మరిస్తే నువ్వు చెయ్యి.”

“సునందా, ఆగు.”

“వదిన మాత్రం ఊకోదు. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అని...”

“లేదు.”

“ఏంది?”

“నాకు లేదు చెల్లె. అమ్మ నుంచి నాకు రాలే.”

“మంచిగ చూసిన్రా?”

“మంచిగనే చూసిన్రు. నీ రక్తంల దొరికిందే నా రక్తంల ఎతికిన్రు. లేదు.”

“మరి పిల్లలకు?”

“నాకే లేనిది నా నుంచి వాళ్లకెట్ల పోతదన్నది.”

“గింత మంచి మాట చెప్పనీకి గింత సేపా! వదినకు ఫోన్ చేసినవా?”

“చెయ్యలే.”

“చెయ్యి, చెయ్యి. పాపం, పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నదో లేదో.”

“చేస్తలే. నీ ఆపరేషన్ ఎందుకు ఆపుతున్నరని తిట్టింది డాక్టరమ్మ. నాది తెలిసినంక చేపిచ్చుకుంటదట అని చెప్పిన. దానికీ దీనికీ ఏం సంబంధమన్నది.”

“ఏం లేదులే.”

“ఏం లేకుంటే ఎందుకు ఆగినవ్? మన తమ్ముడు మల్లేష్‌కు కడుపుల కెమెరా ఏసి చూసిన్రు, ఏం లేదన్నరు. లోపట లోపటనే పాకింది. తెలిసేసరికి వాడు చేతిల నుంచి పోయిండు.”

“వాని మాట ఇప్పుడెందుకు?”

“ఎందుకంటే నువ్వు మిగలాలె గనుక. అమ్మ పోయె, వాడు పోయె. గా సుల్తాన్ బజార్ రూముల ఒక్కదానివి ఏం చేస్తవ్? ఆపరేషన్ అయినంక మా ఇంటికొచ్చెయ్.”

“వస్త.”

“వస్త అంటవ్. రావు.”

“నిజంగ వస్తనే. కాని... అందరు కూసొని తింటుంటే, నేను రెండు చెంచాలు తిని లేస్తే పిల్లలు భయపడరు గదా?”

“ఏందే గా మాటలు? నేను గూడ నీతోని రెండు చెంచాలే తింట.”

“ఒద్దన్నా. నువ్వు కడుపు నిండ తిను.”

“ఏడుస్తున్నవా?”

“లే. సంతోషమే. నీ మీద ఒట్టు, సంతోషమే.”

“పా, బండి మీద దింపుత.”

“నువ్వు పో. నేను అబిడ్స్ దాక నడుస్త.”

“గంత జనంల ఒక్కదానివి ఎందుకు?”

“జనంల అయితే ఎవ్వరు నా మొఖం దిక్కు చూడరు.”

“సునందా, ఏమైందే నీకు?”

“నువ్వు లోపటికి పోతుంటే నేను గీడ చేతులు జోడిచ్చి మొక్కిన.”

“తెల్సు. గేటు కాడ మర్లి చూసిన. నీ మొక్కే నన్ను కాపాడింది చెల్లె.”

“లేదన్నా. నీకు గూడ ఉండాలని మొక్కిన.”