సన్మాన సభలో షీల్డు దెబ్బ

హలో… ఆ, నేనే అక్కా. నేనే. ఫోన్ పోలీసాయనది. పక్కనే నిలబడ్డాడు.

…

నాకేం కాలేదు. రక్తం నాది కాదు. వార్డెన్‌ది.

…ఆ, ఆయనే. చిన్నప్పుడు నేనున్న హోం వార్డెనే. సన్మానం నాకు, ముఖ్య అతిథి ఆయన! షీల్డు ఆయన చేతే ఇప్పించారు.

దాంతోనే కొట్టాను. మొహం మీద… రెండుసార్లు. ముక్కు విరిగింది. చప్పుడు మైకులో వినపడింది.

ఇత్తడిదక్కా. ప్లాస్టిక్‌ది ఇస్తారనుకున్నా.

— అరవకు. నువ్వరిస్తే నాకు మాటలు రావు… ఆ. చెప్తా.

ముందు బాగానే ఉంది. మాలాంటి మానసిక వికలాంగుల కోసం ముప్పై ఏళ్ళుగా ఊరూరా తిరిగి మాట్లాడానని చెప్పారు. నిజమే కదా. చప్పట్లు కొట్టారు. భలే సంతోషమేసింది.

తర్వాత ఆయన మైకు పట్టుకున్నాడు. "వీణ్ణి దారిలో పెట్టింది నేనే" అన్నాడు. మంచానికి కట్టేసేవాణ్ణని చెప్పి నవ్వాడు. జనం కూడా నవ్వారు. నేను ఎర్ర అట్ట ఎత్తాను… అదే, మా మీటింగుల్లో ఎత్తుతాం కదా. అది ఎత్తితే మాట్లాడేవాళ్ళు ఎవరైనా సరే ఆగాలి.

…ఆగలేదు. మూడుసార్లు ఎత్తాను. ఫొటో కోసమనుకుని ఫొటో తీశారు!

అప్పుడు బుజ్జోడి మాటెత్తాడు. "పాపం, జ్వరంతో పోయాడు" అన్నాడు.

జ్వరమా అక్కా? వాడిది నా పక్క మంచం. పక్క తడిపాడని ఈయనే వాణ్ణి జుట్టు పట్టుకుని స్నానాల గదిలోకి ఈడ్చుకెళ్ళాడు. నీళ్ళ పైపుతో కొట్టాడు. వీపు మీద, మెడ మీద… "ఇంకెప్పుడూ తడపను సార్" అంటూనే ఉన్నాడు బుజ్జోడు. ఈయన కొడుతూనే ఉన్నాడు. కాసేపటికి వాడు అనడం మానేశాడు. ఈయన మాత్రం మానలేదు. తలుపు సందులోంచి చూశా. గోడ కడగమని బ్రష్ నాకే ఇచ్చాడు.

…డెబ్బై ఏళ్ళ ముసలాయనా? ఆ. బుజ్జోడికి తొమ్మిదేళ్ళు.

…

తప్పే. కొట్టడం తప్పే. మీటింగుల్లో అందరికీ నేనే చెప్తాను కదా. చెయ్యి ఆగలేదని మాత్రం అనను. నేనే ఆపలేదు.

…ఏం రాయించమంటావు? మళ్ళీ చెప్పు.

"బుద్ధి ఎదగలేదు, ఏం చేస్తున్నాడో వాడికే తెలియదు" అనా?

…డాక్టరు సంతకం పెడతాడా. సాయంత్రానికల్లా ఇంటికి తెచ్చేస్తావా. ఊఁ… అర్థమైంది.

వద్దు.

…ఏడవకక్కా. ఉద్యోగం రాగానే నన్ను ఆ హోంలోంచి లాక్కొచ్చింది నువ్వే. నువ్వంటే నాకు ప్రాణం. అయినా వద్దు.

వచ్చే వారం బుజ్జోడి కేసులో నా సాక్ష్యం. తెరిపించింది నువ్వే కదా. ఇవాళ నాకేమీ తెలియదని రాసిస్తే, జడ్జిగారు రేపు నా మాట నమ్ముతారా? …లాయరువి కదా, చెప్పు.

…

నమ్మరనే కదా నువ్వూ అంటున్నావు.

చూసినవాణ్ణి నేనొక్కణ్ణే అక్కా. నేనూ తెలియనివాణ్ణయిపోతే, వాడు జ్వరంతోనే పోయినట్టు.

…వెళ్తా. జైలుకైనా వెళ్తా. భయమే. బయట గడియ పెడితే నాకు ఊపిరాడదు, నీకు తెలుసు. అయినా వెళ్తా. నా మాత్రలు తీసుకురా. నీలం స్వెట్టరు కూడా.

ఉండు… సార్, రాసుకోండి. డాక్టరు కోసం ఆగక్కర్లేదు. నాకు యాభై రెండేళ్ళు. ఆయన ముక్కు పగలగొట్టింది నేనే. ఎందుకు కొట్టానో నాకు తెలుసు. అదీ చెప్తాను, అది కూడా రాయండి.

…అక్కా, ఫోన్ ఇచ్చెయ్యమంటున్నాడు. ఉంటా మరి… ఏడవకన్నానా.

— ఆ ఇంకు డబ్బా ఎందుకు సార్? వేలిముద్ర వెయ్యను. పెన్నివ్వండి.