కప్పు గెలిసినోళ్ల గోడ

గురువులని బోర్డులు రాసీవోడొకడు మన దిబ్బపాలెంలోనే ఉన్నాడు. అచ్చరం రాసేడంటే అచ్చుగుద్దినట్టుంటాది అనుకో. మనిసి మాత్రం మెత్తన, ఎవుడేటి సెప్పినా సరే బావా అనీసీవోడంట. ఏమైందంటే, ఆ యేడు మన కుర్రోళ్ల సంఘం ఫుట్‌బాల్ పోటీలెట్టింది. సంఘానికి పెసిడెంటు తవిటయ్య. ఆడు గురువుల్ని పిలిసి, ఆదివారం పొద్దున్న ఎమ్మార్వో గారొచ్చి బంతి తన్నుతారు, ఈలోగా మైదానం గోడ మీద పెపంచ కప్పు గెలిసిన దేశాలన్నీ మొదట్నుంచీ వరసలో రాసీ అన్నాడంట. డ్రిల్లు మేష్టారు పట్టీ రాసిచ్చారు. ముప్పైలో ఉరుగ్వే, ముప్పైనాలుగులో ఇటలీ, ముప్పైయెనిమిదిలో మళ్లీ ఇటలీ, అలగలగ ఇరవైరెండులో అర్జెంటీనా దాకా. మొత్తం ఇరవైరెండు వరసలు. మెడ పట్టీసీలాగ ఎండలో నిచ్చెన మీద నిలబడి రాసేడు పాపం.

రాసి దిగేడో నేదో తవిటయ్య వొచ్చీసేడు. ఏలు పెట్టి లెక్కెట్టి, ‘ఒరే గురువులూ, నాలుగేళ్లకోసారి కప్పయితే ముప్పైయెనిమిది తరవాత యాభైయేటి? మద్దిలో రెండు మింగీసేవేటి?’ అన్నాడు. ‘అప్పుడు యుద్ధమంట బావా, ఆడ్నేదంట.’ ‘యుద్ధం ఆళ్లకైతే ఆటాపీడమేటి! మేష్టార్ని అడుగు.’ ఎండలో మేష్టారింటికెళ్లేడు, అడిగేడు, వొచ్చేడు. యుద్ధమేనంట. అది తేలిందో నేదో ఇంకొకడు, మూడుసార్లు పశ్చిమ జర్మనీ అని రాసి, పద్నాలుగులో ఉత్త జర్మనీ అన్నావేటి, రంగు సాల్నేదా అన్నాడు. రెండు ముక్కలైన దేశం మళ్లీ అతుక్కుందిరా నాయనా అని ఈడు నిచ్చెన కాడే సెప్పుకున్నాడు. అంతలో మనూరి కుర్రోళ్లలో బ్రెజిల్ అంటే పడిసచ్చీ గుంటలు దిగేరు. మాది అయిదుసార్లు, మా పేరు పెద్దగుండాల అని. సరే అని తుడిసి పెద్దగా రాసేడు. అర్జెంటీనావోళ్లకి మంటెత్తింది. ఆకర్న గెలిసింది మేవు, మాది సిన్నగుంటాదా అన్నారు. మళ్లీ తుడిసేడు, మళ్లీ రాసేడు. ఈళ్లలో ఒక్కడైనా ఆ దేశాలు సూసేడేటమ్మా? పలాస దాటి ఎల్లినోడే నేడు! ఆ తరవాత రైల్వే జట్టులో ఆడిన ముసిలి కామయ్య కర్రేసుకొనొచ్చి, మన దేశం పేరే నేదేటిరా, ఏషియా ఆటల్లో యాభైయొకటిలో, అరవైరెండులో బంగారం మనదే గదా అన్నాడంట. అది మాత్రం గురువులుకీ నచ్చింది. కింద ఉన్న కాసింత జాగాలో అదీ ఇరికించీసేడు. గోడ నిండిపోయింది.

శనివారం మజ్జానం కూతురు కుసుమ గంజి తెచ్చింది. డిగ్రీ సదువుతున్న పిల్ల. గోడంతా సూసి, ‘మరి ఆడోళ్ల కప్పు రాయవా నాన్నా?’ అంది. ‘ఆడోళ్లకీ కప్పుందేటే?’ ‘తొంభైయొకటి నుంచీ ఉంది. నాను జిల్లా జట్టుకి గోల్‌కీపర్నని నీకు తెలుసా?’ ఈడికి తెల్దు. సంచీ తగిలించుకొని ఎల్తంటే కాలేజీకనుకున్నాడు. గంజి గిన్నె పక్కనెట్టీసేడు. అప్పటికప్పుడు తవిటయ్య దగ్గిరికెళ్లి అడిగేడు. తవిటయ్య ఇసుక్కున్నాడు. ‘జాగా ఏదిరా? ఆడపిల్లల ఆట ఎవుడు సూస్తాడు?’ అన్నాడు. అదిగో, అప్పుడు తిరగబడ్డాడు గురువులు. ‘నాను సూడ్నేదు, నువ్వూ సూడ్నేదు. మనం సూడకపోతే అది ఆట కాకండా పోద్దా? మూడ్రోజుల్నుంచీ అందరి మాటా ఇని తుడిసీ రాసీ నా సెయ్యి పడిపోయింది. ఇంక ఒక్కడి మాటా ఇన్ను’ అని నిచ్చెన భుజానేసుకొని, గోడకి అవతల, రోడ్డు పక్కకెళ్లిపోయేడు. కుసుమ సదివింది, ఆడు రాసేడు. తొంభైయొకటి అమెరికా, తొంభైయయిదు నార్వే, తొంభైతొమ్మిది మళ్లీ అమెరికా, రెండువేల మూడూ ఏడూ జర్మనీ, పదకొండు జపాను, పదిహేనూ పంతొమ్మిదీ అమెరికా, ఇరవైమూడు స్పెయిను.

ఆదివారం ఎమ్మార్వో అమ్మగారు జీపు దిగింది ఆ రోడ్డు మీదే గదా. అమ్మగారు నిలబడి ఆ గోడంతా సదివి, ‘బాగుందే! మీ ఊళ్లో అమ్మాయిలు ఆడతారా? వాళ్ల ఆట ఎప్పుడు?’ అనడిగేరంట. తవిటయ్య ఆళ్లకి ఆట పెడితే గదా! ‘సాయంత్రం నాలుక్కండీ’ అనీసేడు. ఎదర జట్టెక్కడిది? కుసుమతో కలిపి ఊళ్లో ఆట తెలిసిన పద్నాలుగు మంది ఆడపిల్లలే ఏడేడుగా ఇడిపోయి ఆడేరు. గురువులు గీత పక్కనే గొంతుక్కూచున్నాడు. కుసుమ గాల్లోకెగిరి బంతి పట్టినప్పుడు పక్కోడి సెయ్యి ఇరిగిపోయీలాగ పట్టీసుకున్నాడంట. మోకాలు దోక్కుపోయి లెగిసిందా పిల్ల, నవ్వుతా. ఇన్నాళ్లూ ఏటి సూసేన్రా నాను అని తన్ని తనే తిట్టుకున్నాడు.

అదీ జరిగింది. తవిటయ్య ఇప్పుడు, ఆ ఆలోసన నాదే అని సెప్పుకుంటాడు. సెప్పుకోనీ, ఆడితో ఎవుడు పడతాడు. నానైతే టెక్కలి బస్సు కోసం ఆ గోడ కాడే నిలబడతాను. సదివీ సదివీ తొమ్మిది వరసలూ నోటికొచ్చీసేయి. నార్వే ఎక్కడుందో నన్నడక్కండి. బస్సెక్కడుందో అది సెప్పండి ముందు.