పుణ్యవతి చెప్పిన ఫారిన్ కీ

ఏంది స్వాతీ, పొద్దటిసంది ఆ లాప్‌టాప్ ముంగట మొకం గట్ల పెట్టుకున్నవ్? ఫారిన్ కీనా? చదివినప్పుడు అర్థమైతది, పరీక్షల కూసుంటె ఏ టేబుల్ల పెట్టాల్నో మర్చిపోతవా? అందరికి అంతనే బిడ్డా. నాకు యాదికుండుడు నా తెలివి గాదు, పుణ్యవతి చెప్పింది గావట్టి. నీకు ఆమె తెల్వదులే. నేను దవాఖాన రికార్డు సెక్షన్ల శానేండ్లు చేసినంక మాదాపూర్ల ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పోయిన గదా, దవాఖాన పని ఎట్ల నడుస్తదో ఆ పిల్లలకు చెప్పనీకి. ఆడ డేటాబేస్ చూసేది ఆమెనే. కాకినాడ దిక్కామె, మణికొండల కిరాయికుండె. మొదటి దినం ఎవ్వరు నన్ను పలకరియ్యలె. ఆమె మాత్రం 'రాజమ్మగారూ, ఈ కుర్చీ లాక్కుని నా పక్కన కూచోండి' అన్నది. గంతే, ఇగ ఆ కుర్చీ ఆడికెల్లి కదల్లె.

బోర్డు మీద బొమ్మలు గిట్ల ఏం గీయలె. నన్నే అడిగింది, శాంపిల్ తీస్తే సీసా మీద ఏం రాస్తారండీ అని. పేషెంట్ నంబర్ అన్న. ఆ నంబర్ మనిషే లేకపోతే అన్నది. గట్లెట్ల, లేనోళ్ల రక్తం ఎట్ల తీస్తరు అన్న. 'అంతేనండీ ఫారిన్ కీ' అన్నది. పేషెంట్ల టేబుల్ల, అంటె వాళ్ల పట్టికల, నంబర్ ఉంటెనే శాంపిల్ టేబుల్ల ఆ నంబర్ రాయనిస్తది. శాంపిల్ ఉన్నంత కాలం ఆ పేషెంట్‌ను తీసెయ్యనియ్యది. కీ యాడ పెట్టాలె అంటవా? ఎవరు ఎవరి నంబర్ రాసుకుంటున్నరో చూడు, రాసుకునే దాంట్ల పెట్టు. ఒక మనిషికి శాంపిల్లు ఎన్నైన ఉంటయ్, శాంపిల్ మాత్రం ఒక్క మనిషిదే. సమజైందా?

అప్పుడు తెలంగాణ కోసం లొల్లి జోరు మీదుండె. బస్సులు బంద్, బడులు బంద్. నేను తెలంగాణ రావాలన్న, రోడ్డు మీద కూసున్న గూడ. ఆఫీసుల మాత్రం అన్నం కాడ అందరు గుసగుసలే. సురేంద్ర అని ఒక పిల్లగాడు, కర్నూలోడే, నవ్వులాటకే అన్నడు, మేడం, ఇక్కడ మనమే ఫారిన్ కీలం అని. పుణ్యవతి మెల్లగ చెప్పింది, 'ఫారిన్ అంటే పరాయి అని కాదు సురేంద్రా. వేరే టేబుల్లో నిజంగా ఉంది అని. లేనిదాన్ని ఆ కీ ఒప్పుకోదు.' నవ్వుకుంటనే చెప్పింది గని, ఆ దినం అన్నం సగమే తిన్నది.

ఆ సమ్మె దినాలల్లనే ఒకటైంది. దవాఖానల మా సాఫ్ట్‌వేర్ కొత్తగ పెట్టిండ్రు. ఆఫీసుకు వచ్చింది మేం నలుగురమే, ఆమె మణికొండకెల్లి నడుసుకుంట వచ్చింది. మాతోటి పనిచేసే కిరణ్ అనే పిల్లగాడు, ఒక్కటే మనిషివి రెండుసార్లు ఎక్కిన పేర్లు తీసేస్తుండె. లక్ష్మమ్మ, యాభై రెండేండ్లు. మల్ల లక్ష్మమ్మ, యాభై రెండేండ్లు. ఒకటి తీసేద్దామంటె కంప్యూటర్ ఒప్పుకోలె, చైల్డ్ రికార్డ్ ఫౌండ్, అంటె దీని కింద ఇంకోటి ఉన్నది అని ఎర్రగ రాసింది. వానికి యాష్టకొచ్చింది. కాస్కేడ్ పెడ్త మేడం, దాని కింద ఉన్నయ్ గూడ దాంతోనే పోతయ్ అన్నడు. పుణ్యవతి వాని చెయ్యి పట్టుకున్నది. 'ఆగు కిరణ్. దాని కింద ఎవరున్నారో చూడకుండా ఎలా తీసేస్తావ్?'

తెరిచి చూస్తె రక్తం శాంపిల్ ఉన్నది, తెల్లారి ఆపరేషన్‌కు రక్తం ఎక్కియ్యనీకి. నేను దవాఖానకు ఫోన్ కొట్టి, వార్డుకు పోయి కండ్లార చూసి చెప్పు సిస్టరమ్మా అన్న. ఆ సిస్టర్ పోయి, ఫోన్లనే అయ్యో అన్నది. ఇద్దరు లక్ష్మమ్మలున్నరు. ఒకామెది గోపన్‌పల్లి, ఒకామెది నల్లగండ్ల. రక్తం గ్రూపులు వేరు. కిరణ్ చేసినట్టైతె గోపన్‌పల్లామె పేరు మాయమై, ఆమెకు నల్లగండ్లామె గ్రూపు రక్తం ఎక్కిచ్చేటోళ్లు. పుణ్యవతి కిరణ్‌ను ఒక్క మాట అనలె. నీళ్లు తెచ్చిచ్చి, ఎర్రగా వచ్చినప్పుడు తిట్టుకోకు నాన్నా, ఒకసారి చదువు అన్నది. ఆ గోపన్‌పల్లి లక్ష్మమ్మ మంచిగై ఇంటికి పోయింది. ఆమెకు ఈ ముచ్చటే తెల్వదు.

ఆ వారమే మేం గోపన్‌పల్లి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటె, నేను పిలువకనే వచ్చింది. భయం కాలేదా అంటె, మీరున్నారుగా అన్నది. నా పక్కన కూసొని, పప్పులకు ఎల్లిగడ్డ వొలిచింది. ఆమె మాట విని ఇద్దరు ముగ్గురు తిరిగి చూసిండ్రు. మా చెల్లె అన్న. అంత కన్న ఏం చెప్పాలె?

తర్వాత వాళ్లాయన విశ్వేశ్వరరావుకు ఈడ మనసు పట్టలె, కాకినాడ తీస్కపోయిండు. రాష్ట్రం వచ్చిన దినం ఆమెనే ఫోన్ జేసింది, సాధించారండీ అని. రా, వండి పెడ్త అన్న. చలికాలం వస్తానండీ అన్నది. ఆ వానలల్లనే కామెర్లు ముదిరినయట. పానం పోయినంక గని నాకు తెల్వలె.

మొన్న ఆటోల మణికొండ దిక్కు పోతుంటె, పుణ్యవతి ఉన్న గల్లీల ఒకామె ఫోన్ల మాట్లాడుకుంట పోతున్నది, 'అవునండీ, చెప్పండీ' అనుకుంట. ఆటో ఆపమన్న. దిగిన. దిగి ఏం జేయాల్నో తెల్వక గట్లనే నిలబడ్డ. ఆమె ఎనక్కి తిరిగి నా దిక్కు చూసింది, ఎవరో పిల్ల, నీ అంత ఉంటది…

పొయ్యి మీద పాలు పెట్టినవా ఏంది, మాడు వాసనొస్తుంది, చూడు పో.