మసిగండడికి గొంతిచ్చినోడు

అశోక్ నగర్‌ల రామమ్మ చాయ్ బండి కాడ ఉదయ్ కుమారన్న గొంతు సవరించిండంటే మా చదువు ఆడికి బంద్. చిక్కడపల్లిల ఉంటడు, కార్టూన్లకు తెలుగు గొంతిస్తడు. ఆ రోజు ఫోన్ బల్ల మీద పెట్టుకొని మాటిమాటికి చూస్తుండు. ‘గోలీ భూతాలు’ ఐదో సీజన్‌కు పిలిచేదుంటే ఇయ్యాల్నే ఫోన్ చేస్తరట.

“గోలీ భూతాలంటే ఎర్కనే కద ఓదెలూ? ముందు బొమ్మలొచ్చినయ్, అవి అమ్ముడువోవాల్నని కార్టూన్ తీసిండ్రు. గోలీ నేలకేసి కొడితే భూతం లేస్తది. అండ్ల పెద్ద విలన్ మసిగండడు. ఆ గొంతు ఎవల్ది? నాదే! మొదటి దినం మైకు ముంగట ‘ఎవడ్రా అక్కడ’ అన్న, గంతే, సౌండ్ ఇంజినీర్ చేతిల చాయ్ ఒలికింది.”

“అయ్యుంటదిలే” అన్న నేను.

“ఒలికి ఊకుందా? గది అద్దం పటుక్కున పగిలింది. టీవీల వచ్చిన దినమైతే చిక్కడపల్లి పిల్లలంత మంచాల కిందికి దూరిండ్రు, వాళ్లను గుంజనీకె పోయిన తండ్రులు గూడ ఆడ్నే ఉండిపోయిండ్రు. కుక్కలు అంబర్‌పేట్ దాటినయ్. విద్యానగర్ స్టేషన్ల ఆగిన రైలు నా మాట ఇని వెనక్కి పోయింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“రైలు వెనక్కెట్ల పోతదన్నా?” అన్నది నాతోని పరీక్షలకు చదివే సంధ్య.

“భయానికి ముందూ ఎనకా ఉంటదా చెల్లె? జర ఇను. రెండో సీజన్ నుంచి కథ ఖరాబైంది. సముద్రం తాగుతనన్న మసిగండడు, మూడో సీజన్ వచ్చేసరికి పిల్లల టిఫిన్ డబ్బాలు ఎత్కపోవట్టె. కొత్త బొమ్మలు చూపెట్టుడే పని, కథ ఎవనికి కావాలె? నేను జెప్పిన, వాడు ఊకోడని. ఊకోలే.”

అన్న గొంతు తగ్గించిండు.

“మొన్న పట్టపగలు నారాయణగూడల బొమ్మల దుకాణానికి పోయిన. అర నిండ మసిగండని బొమ్మలే. నేను అడుగు వెట్టంగనె అన్ని తలకాయలు ఒక్కపారే నా దిక్కు తిరిగినయ్. ఫ్యాన్ ఆగింది. దుకాణపాయన రెప్ప కొడ్తలేడు. ఒకటి అర మీదికెల్లి దిగింది. దిగుకుంట దిగుకుంట పెరిగింది, పైకప్పు తాకింది. ఒంగి నా మెడ కాడ ఊపిరి ఇడిసింది, మసి వాసన. ‘నా మాటలేవిరా?’ అన్నది. నోట్ల చూస్తె నాలుక లేదు, అంత చీకటే. మరి ఆ మాట యాడికెల్లి వచ్చిందో ఇప్పటికీ సమజ్ అయితలేదు.”

రామమ్మ చాయ్ వడగట్టుడు ఆపి, “ఓ నా తల్లో” అన్నది.

“భయపడ్డవా అన్నా?” అని అడిగిన నేను.

“నేనా? ‘ఎవడ్రా అక్కడ’ అన్న మల్ల. గంతే! అద్దాలు పలగ్గొట్టుకొని ఉరికిండు, బొమ్మలన్ని వాని ఎనకాల్నే ఉరికి, కవాడిగూడ దాటి హుస్సేన్ సాగర్ల దునికినయ్. నీళ్లు రోడ్డెక్కినయ్! నా గొంతు లేకుంటె వాడు మల్ల లేస్తడు. అందుకే కంపెనోళ్లు నా కాళ్లు మొక్కుతుండ్రు, ఐదో సీజన్‌కు రమ్మని.”

సంధ్య గ్లాస్ కింద పెట్టింది.

“అన్నా, నేను ట్యూషన్ చెప్పే తన్మయి పక్కన కూసొని నాలుగో సీజన్ మొత్తం చూసిన. అండ్ల మసిగండడు ఒక్క మాట గూడ మాట్లాడడు. ఊకె నవ్వుతడు. తెలుగుల పెట్టినా, ఇంగ్లిష్‌ల పెట్టినా అదే నవ్వు. నవ్వుకు తెలుగెందుకన్నా? నువ్వు దాంట్ల యాడున్నవ్?”

అన్న ఫోన్ దిక్కు చూసిండు. “నాలుగోదానికి పిలువలే చెల్లె” అన్నడు. “దీంట్లనన్న వానికి రెండు మాటలు రాసిండ్రేమో అని చూస్తున్న. వాడు నోరు మూసుకుంటె నా ఇల్లెట్ల నడుస్తది?”

అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. మసిగండని హుస్సేన్ సాగర్ దాక తరిమిన మనిషి చెయ్యి వెనక్కి గుంజుకున్నడు.

“ఓదెలూ, జర నువ్వెత్తు తమ్మీ. నాకు భయమైతుంది.”