తలుపు బయట లాయిడ్

ఎవరూ, ఈ చివర సగం తెగిపోయినవాడా? వాడు లాయిడ్. లాయిడ్ హోస్టెట్లర్. ఫోటో తీసినవాడి తప్పేం లేదు నాయనా, వీడే పక్కకి జరిగాడు. ఎప్పుడూ అంతే. కూర్చో, ఆ కుర్చీలో పేపర్లు కింద పడెయ్. మన కాలేజీ సంఘం ఆదర్శాల గురించి పెద్దవాళ్లని అడిగి రమ్మన్నారన్నావు కదా, పెద్దవాళ్లంటే ఇక నేనొక్కణ్ణే మిగిలాననుకుంటా. ఆదర్శాలు నాలుగు. మీరుంటున్న సంఘం ఇంట్లో, భోజనాల గదిలో చలిమంట గూటి పైన చెక్కే ఉన్నాయి, నిజం, నమ్మకం, సాయం, గౌరవం అని. గౌరవం పక్కన ఓ గంటు ఉంటుంది చూడు, అది టర్కీ కోడిని కోసే కత్తి తగిలి పడింది. ఆ కత్తి ఎవరు విసిరారన్నది ఇప్పుడెందుకులే. లాయిడ్ గురించి అడిగావు, లాయిడ్ గురించి చెబుతా.

నేను చేరింది యాభై ఏడులో. వాడు నాకంటే ఏడాది ముందు. వాళ్ల నాన్నకి ఊరవతల ఆవులుండేవి. ఆ ఇంట్లో మనుషులకంటే ఆవులే ఎక్కువ మాట్లాడేవి. సోమవారం భోజనాలయ్యాక నేలమాళిగలో మీటింగు, మీకూ అక్కడేగా? చేరనివాళ్ల చెవిన మన రహస్యాలు పడకుండా తలుపు బయట ఒకడు కాపలా ఉండాలి. ఆ కాపలా ఎవడికీ ఇష్టముండేది కాదు. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ వైపు వీపు ఉడికిపోయేది, మెట్ల వైపు ముక్కు గడ్డకట్టేది. లాయిడ్ మాత్రం, 'నీ వంతు నాకిచ్చెయ్ మెర్ల్, నువ్వు లోపలికెళ్లు' అనేవాడు. అందరి వంతులూ వాడే తీసుకున్నాడు. అబ్బ, ఎంత వినయం అనుకున్నాం. కాకపోతే ఒక్కటే బాధ, పాడేవాడు. రేడియోలో పందుల దాణాకి ఓ పాటొచ్చేది అప్పట్లో, 'తినవే పందీ, పెరగవే పందీ' అని. లోపల మేం కొవ్వొత్తులు పట్టుకుని, చచ్చేదాకా ఒకరికొకరం అని ప్రమాణం చేస్తుంటే బయట్నుంచి తినవే పందీ! ఆ గొంతా, గేటు కీచుమన్నట్టుండేది. నేను అధ్యక్షుణ్ణయ్యాక సుత్తి బల్లకేసి కొట్టి, 'లాయిడ్, నోర్ముయ్!' అని అరిచేవాణ్ణి. ఒక్క క్షణం ఆపి, ఇంకొంచెం పెద్దగా ఎత్తుకునేవాడు. మా సంఘం ఇంట్లో వంటా, మా బాగోగులూ చూసే వాండెవీర్ గారు పై మెట్టు మీంచి, 'బాబూ లాయిడ్, నీకు డాక్టర్ని పిలవమంటావా?' అని నిజంగానే అడిగేది. మంచి మనిషి ఆవిడ. ఆవిడ వండిన బీన్స్ మాత్రం బూటు తోలు.

ఏం చెబుతున్నా? ఆఁ. ఇంకో సంగతి, మనవాళ్లకే తెలిసిన చెయ్యి కలిపే పద్ధతి ఉందే, నీకూ నేర్పారుగా, ఇక్కడ చూపించకు, కిటికీ తెరిచి ఉంది. అలా వాడు ఎవరితోనూ చెయ్యి కలపలేదు. కుడిచేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి. కాఫీ కూజా, బొగ్గు బకెట్టు, ఓసారి బతికున్న కోడి. బ్యాడ్జి పెట్టుకోడు, 'నేను వస్తువులు పారేసుకుంటా' అంటాడు. వాళ్ల తాత గడియారం మాత్రం నలభై ఏళ్లు పారేసుకోలేదు. అందరం ఒకర్నొకరం బ్రదర్, బ్రదర్ అని చంపుకు తినేవాళ్లమా, వాడు పేరు పెట్టే పిలిచేవాడు. అలాగని మనిషి దూరమా? చదువయ్యాక ఊళ్లోనే విత్తనాల కొట్టు పెట్టుకున్నాడు. మనవాళ్లలో ఎవరి కారు ఎక్కడ ఆగినా వాడి ట్రక్కే వెళ్లేది. మా ఆవిడ ఎస్తర్ ఆసుపత్రిలో ఉన్న శీతాకాలమంతా నా వాకిట్లో మంచు ఎవరు ఎత్తారనుకున్నావు? నేను లేచేసరికి దారి శుభ్రంగా ఉండేది. మనవాళ్లెవరు పోయినా చావుకొచ్చేవాడు, వలయంగా నిలబడి మన తంతు చేసేటప్పుడు మాత్రం బయటికెళ్లి తలుపు దగ్గర నిలబడేవాడు. అలవాటైపోయింది పాపం అనుకున్నాం. ఇంతమంది చదువుకున్నవాళ్లం, ఒక్కడికీ అనుమానం రాలేదు.

చివర్లో వృద్ధాశ్రమంలో పడ్డాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. వారం దాటితే గొప్పన్నారు డాక్టర్లు. నేను ఆపిల్ కేకు పట్టుకెళ్లా. కుడిచెయ్యి ఖాళీగా దుప్పటి మీద పడుంది. ఇన్నాళ్లకి దొరికావురా అని మనవాళ్ల పద్ధతిలో పట్టుకున్నా. తిరిగి పట్టుకోలేదు. 'మర్చిపోయావా లాయిడ్?' అన్నా. 'మర్చిపోలేదు మెర్ల్. నాకెవరూ నేర్పలేదు' అన్నాడు.

అప్పుడు చెప్పుకొచ్చాడు. వీణ్ణి సంఘంలో చేర్చుకోవలసిన శనివారం, అంటే నేను చేరడానికి ఏడాది ముందు, విపరీతమైన మంచు. వీడు వస్తుంటే మన సంఘంలో సీనియర్ ఒకాయన కారు గుంటలో పడి ఉంది. పేరు చెప్పను. తర్వాత జడ్జి అయ్యాడు, తాగి బండి నడిపేవాళ్లని జైల్లో వెయ్యడంలో జిల్లాకంతా మొనగాడు. జడ్జిగారు అందాం. హాల్లో మెట్ల దగ్గర పెద్ద ఫోటో ఉంటుందే, ఆయనేనని నేను అనడం లేదు. ఆ రోజు ఆయనే తాగి ఉన్నాడు. వీడు ఆయన్ని లాగి, పక్కూరి ఆసుపత్రికి చేర్చి, తెల్లారేదాకా కూర్చున్నాడు. ఇక్కడ తంతు రెండు జట్లుగా జరిగింది, సాయంత్రం కొందరు, తెల్లవారుజామున కొందరు, కళ్లకి గంతలు. వీడు ఆ జట్టులో ఉన్నాడని వీళ్లు, ఈ జట్టులో ఉన్నాడని వాళ్లు అనుకున్నారు. ఉదయం అందరూ వీపు తట్టేశారు. వీడు నోరు తెరవబోతే జడ్జిగారు, 'నువ్వెక్కడున్నావో చెబితే నేనెక్కడున్నానో అడుగుతారురా, కాలేజీలోంచి గెంటేస్తారు, మా నాన్న చంపేస్తాడు' అని కాళ్లబేరానికొచ్చాడు. సరే, చెప్పనన్నాడు. అంతే. జడ్జిగారు పోయేదాకా చెప్పలేదు.

'ఇదేంట్రా, ఒక్క మాట అంటే మళ్లీ చేర్చుకునేవాళ్లంగా!' అని నాకు ఒళ్లు మండింది. 'మాటిచ్చాను' అన్నాడు. కేకు తిన్నాడు. మొహం గోడవైపు తిప్పుకుని, 'ఇప్పుడు చేర్చుకోవడం కుదురుతుందా మెర్ల్?' అన్నాడు. ఆ మనిషి నోట అడగడమనేది నేను విన్నది అదొక్కసారే.

మీ సంఘం ఇంట్లో అప్పుడున్న కుర్రాళ్ల దగ్గరికెళ్లా. ఓటు పెట్టారు. వద్దనే నల్లగోళీ ఒక్కటి పడినా అంతేగా, ఒక్కటీ పడలేదు. ఆదివారం మధ్యాహ్నం జీన్స్ ప్యాంట్ల మీద తంతుకి వేసుకునే పొడుగు అంగీలు తొడుక్కుని వచ్చారు. ఆక్సిజన్ దగ్గర కొవ్వొత్తులేంటని నర్సు మండిపడితే, క్రిస్మస్ చెట్టుకి పెట్టే బ్యాటరీ దీపాలు తెచ్చుకున్నారు. కర్టెన్లు వేశారు. అంతా సిద్ధం. అప్పుడొకడు, 'కాపలా లేకుండా మొదలెట్టకూడదు కదా, తలుపు బయట ఎవరు?' అన్నాడు. లాయిడ్ మంచం మీంచి కాళ్లు కిందకి దించేశాడయ్యా! 'నేనుంటాలే' అంటాడు. 'పడుకోరా వెధవా' అని నేనే బయటికెళ్లా.

ఆ తలుపు అట్టముక్క. నాకు చెవులు అంతంత మాత్రమే, అయినా లోపల మాట మాటా వినబడుతోంది, ఇదిగో నువ్వు వినబడుతున్నట్టే. మన నేలమాళిగ తలుపూ అంతే అయ్యుండాలి, అవతల ఎప్పుడూ నిలబడలేదు గనక నాకు తెలీదు. వినే హక్కు లేనివాడు వినకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? వాడు అన్నేళ్లు ఎందుకు పాడాడో నాకప్పుడు వెలిగింది. గోడకి ఆనుకున్నాను. ఇంతలో మందుల బండి తోసుకుంటూ నర్సు వస్తోంది, లోపల ప్రమాణం మొదలవుతోంది. ఇంకేం చెయ్యను? ఎత్తుకున్నా, తినవే పందీ, పెరగవే పందీ అని, గొంతు చించుకుని. 'అయ్యో తాతగారూ, ఏమైంది?' అంది. కళ్లు తుడుచుకుని ఇంకొంచెం పెద్దగా పాడా.

అయ్యాక తలుపు తీశారు. వెళ్లా. లాయిడ్ చెయ్యి చాపాడు, కుడిచెయ్యే, ఏమీ పట్టుకోకుండా. సరిగ్గా పట్టుకున్నాడు, మీ అందరికంటే సరిగ్గా. దగ్గరికి లాక్కుని చెవిలో, 'రెండో చరణం తప్పు పాడావు, బ్రదర్' అన్నాడు.

...

ఆ కిటికీ వెయ్యవయ్యా, చలిగాలి కొడుతోంది.