ఎవరిస్టో కళ్ళు

ఏంటబ్బాయ్, ఏం రాశారు పేపర్లో? మళ్ళీ చదువు. "మన ఔట్‌ఫీల్డా, జల్లెడా?" అనా? ఇదే మాట మమ్మల్నీ అన్నారు! ఆ జల్లెడ ఇంకా అరిగిపోలేదా వీళ్ళకి? ఇప్పటి పిల్లలు బంతులు వదిలేస్తున్నారు, నిజమే, నేనూ చూస్తున్నాను. మేమూ వదిలేశాం. బేస్‌బాల్లో ఔట్‌ఫీల్డంటే ముగ్గురేగా, మైదానం వెనక ఎడమవైపు నేను, కుడివైపు పొట్టి రమోన్, నడిమధ్య ఎవరిస్టో. బ్యాటు చప్పుడు విని పరుగు తీసేవాడయ్యా, మనం తలెత్తేసరికి బంతి కిందుండేవాడు. ఆ కుర్చీ ఇటు లాక్కో, ఎండ. ఏమంటున్నానూ? ఆ, బూడిద సంగతి చెప్పాలి. చెరకు తోటలు తగలబెట్టే రోజుల్లో మన శాన్ పెద్రో ఊళ్ళో ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కుంటామా లేదా? మరి మైదానం మీద మాత్రం పడదా? రాజధాని వాళ్ళతో ఫైనల్. అవతల చక్కెర మిల్లువాడు తోట అంటించాడు. బంతి లేచింది. "నాదే! నాదే!" అని అరుస్తూ కిందకి చేరాడు ఎవరిస్టో. రెండు కళ్ళలోనూ బూడిద పడింది, మూసుకున్నాడు. బంతి నేల మీద, కప్పు రాజధానికి. పట్టలేదు, కాదనను. మర్నాడు ఇదే పేపర్లో, "బంతంటే భయం, కళ్ళు మూసుకున్నాడు" అని! బూడిద మాట ఒక్క ముక్క లేదు. ఎలా ఉంటుంది? వెనక పేజీ నిండా మిల్లు ప్రకటనేగా!

పేపరాఫీసుకి వెళ్ళాం. రాసినవాడు లిసార్దో అని ఒకడు. వాడి బల్ల మీద ఎవరిస్టో తన టోపీలో బూడిద దులిపాడు. "ఇదండీ దొరగారూ నా భయం" అన్నాడు. అండీ అనే అన్నాడు, నేను పక్కనే ఉన్నాను. వాడు ముక్కుతో నవ్వి, "బల్ల తుడిచి వెళ్ళు" అన్నాడు. తుడిచాడయ్యా, చొక్కా అంచుతో! నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. తర్వాత టీములోంచి తీసేశారు. ఇక వీధిలో ఎదురొచ్చిన ప్రతివాడూ కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులతో తడుముకుంటూ నడవడమే. చేపలమ్మే మనిషి కూడా, "ఎవరిస్టో, చేప విసరనా, భయమా?" అనేది, దాని నోరు పడిపోను. వీడేమో నవ్వేవాడు! "సిగ్గులేదట్రా, నవ్వుతావ్?" అంటే, "ఊరందరితో కొట్టుకోమంటావా నికనోర్?" అనేవాడు. అలా నవ్వి నవ్వే ముసలాడైపోయాడు.

కళ్ళు తెరుచుకునే పోయాడు. ఫాదర్ మూయబోతే వాడి భార్య, ఎనెరోలిసా వదిన, చెయ్యి పట్టుకుని ఆపేసింది. భర్తకి కూడా ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి! "మూయకండి ఫాదర్. వచ్చినవాళ్ళందర్నీ చూడనివ్వండి" అంది. అలాగే ఉంచాం. ఊరంతా వచ్చింది, ఒక్కడూ మొహంలోకి చూడలేకపోయాడు. నేను అనుకున్నాను, పోనీలే, ఇప్పటికైనా తలదించుకున్నారు అని. మర్నాడు పేపరొచ్చింది. వదిన చదివి వినిపించమంది, ఆవిడకి చదువు రాదు. నేను విప్పి చూశాను. పెద్దక్షరాల్లో, "ఎవరిస్టో మళ్ళీ కన్ను మూశాడు" అని.

మంచిగానే రాశారని చెప్పాను వదినకి.

... కాఫీ తాగు, చల్లారిపోతోంది.