గోడ దగ్గర నుంచి మొదలుపెట్టే సుబ్బరత్నమ్మ గారు

"ఆ పెట్టె చెడిపోతే మా పిల్ల మీదికే వచ్చిద్దేమోనండీ" అని, కంప్యూటరు మన ఆఫీసు గుమ్మం ఎక్కకముందే నేను సుబ్బరత్నమ్మ గారితో అన్నాను. పదవీ విరమణకు అభినందన రాయమంటే ఈమె భయంతో మొదలుపెట్టిందేమిటని చదివేవారు అనుకోవచ్చు. కానీ నా భయం లేకుండా వారి ధైర్యం గురించి నేను రాయలేను.

శ్రీమతి సుబ్బరత్నమ్మ గారు 1954 జూలై 1వ తేదీన మన రైతు సహకార సంఘంలో టైపిస్టుగా చేరారు. అప్పటికి నరసరావుపేటలో మన ఆఫీసంటే రెండు అద్దె గదులు, ఒక టైపు మిషను. అది మొరాయిస్తే వారు ముందు కాగితం, తర్వాత రిబ్బను చూసి, ఆ పైనే మూత విప్పేవారట. హెడ్ క్లర్కుగా క్రోసూరు, బెల్లంకొండ శాఖలకు బస్సుల్లో నిలబడి వెళ్ళి తనిఖీలు చేసి వచ్చేవారు. ఆ రోజుల్లోనే ఒక వానాకాలం పిడుగు పడి ఆఫీసు రేడియో, ఫ్యాను కాలిపోయాయి. అది మొదలు సాయంత్రం అందరికన్నా ఆఖరున బయలుదేరుతూ ప్రతి ప్లగ్గునూ స్వహస్తాలతో ఊడదీయడం వారికి నియమమైంది. గొడుగు మరిచిన రోజులున్నాయి గాని ప్లగ్గు మరిచిన రోజు లేదు.

ఎనిమిదో తరగతితో ఆగిపోయిన నన్ను రికార్డు గదిలో పనికి తీసుకున్నదీ వారే. సూపరింటెండెంటు అయ్యాక కూడా "అబిదా, టీ తాగావా?" అని అడగకుండా ఫైలు అడిగేవారు కాదు. ఏడాదిన్నర క్రితం కంప్యూటరు వచ్చింది. గుంటూరులో శిక్షణ పొందిన మా అమ్మాయి జరీనాను తాత్కాలిక ఆపరేటరుగా నియమించారు. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్ళడం అదే మొదలు. ఆ పని పోతే దాన్ని మళ్ళీ గడప దాటనివ్వరని నా దిగులు.

నిరుడు మహాజన సభ ముందురోజు, రైతుల వాటాల లెక్కలు తీయవలసిన ఉదయం, కంప్యూటరు వెలగలేదు. జరీనా స్విచ్చి ఎన్నిసార్లు నొక్కినా దీపం లేదు, చప్పుడు లేదు. గిడ్డంగి గుమాస్తా ఖాదర్ వలి గారు "దుమ్ము పడదన్నారని చెప్పులు బయటే విడిచాంగా, ఇంకా దీనికేం కోపం?" అన్నారు. గౌరవ అధ్యక్షులు రామయ్య గారు రైతుల సొమ్ముతో కొన్న వస్తువని కలత చెందారు. ఆ కలత న్యాయమైనదే. పెట్టె లోపల కాలిపోయిందనీ, పిల్లే ఏదో చేసిందనీ తలా ఒక మాట అన్నారు.

సుబ్బరత్నమ్మ గారు కళ్ళజోడు తుడుచుకుని, "పెట్టె సంగతి ఆఖర్న చూద్దాం. ముందు గోడ కాడ నుంచి రండి" అన్నారు. బల్ల ఫ్యాను తెప్పించి గోడ సాకెట్టులో పెడితే తిరిగింది. అంటే కరెంటు ఉంది. స్టెబిలైజరుకు తగిలిస్తే అక్కడా తిరిగింది. తర్వాత ప్రింటరు తీగను ఊడదీయించి కంప్యూటరుకు పెట్టించారు. జరీనా స్విచ్చి నొక్కగానే లోపల ఫ్యాను గుర్రుమంది, పచ్చ దీపం వెలిగింది. పెట్టె నిక్షేపంగా ఉంది, దోషం దాని తీగలోనే ఉంది. ఆ తీగ ప్లగ్గు మూత విప్పితే లోపల ఒక పోగు స్క్రూ నుంచి ఊడివచ్చి ఉంది. ప్లగ్గును పట్టుకోకుండా తీగ పట్టుకుని లాగితే అలాగే అవుతుందట.

రామయ్య గారు వదలలేదు. "ఇయ్యాల తీగ, రేపు పెట్టె. లాగిందెవరో తేలాల. ఆ పిల్లే అయితే రేపట్నుంచి రానక్కర్లా" అన్నారు.

సాయంత్రం ప్లగ్గులు తీసేది ఎవరో ఆఫీసులో అందరికీ తెలుసు. జరీనా నేల చూపులు చూస్తూ నిలబడింది. చెప్పవే తల్లీ అని నా ప్రాణం కొట్టుకుంది గాని, పెద్దావిడ పేరు పిల్ల నోట ఎలా వస్తుంది? సుబ్బరత్నమ్మ గారు తల ఎత్తకుండా ఆ స్క్రూ బిగిస్తూనే ఉన్నారు.

నా శుభాకాంక్షలు ఇక్కడే చెప్పేస్తాను, ఆఖరి మాట వారిదే, దాని తర్వాత నా మాట ఉండకూడదు. ఈ ఏటి లెక్కలు కూడా జరీనాయే తీసిందని సంతోషంగా తెలుపుకుంటూ, సుబ్బరత్నమ్మ గారు ఇకమీదట ప్లగ్గుల కోసం ఆగకుండా వెలుగుండగానే ఇల్లు చేరి, భర్త పుల్లయ్య గారితో, బిడ్డలతో, మనుమలతో నిండు ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలని ఆ దేవుణ్ణి వేడుకుంటున్నాను.

ఆ రోజు వారు స్క్రూ బిగించి, మూత పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, అప్పుడు అధ్యక్షుల వైపు తిరిగారు.

"నేనేనండీ. రోజూ తీగ పట్టుకుని లాగేది నేనే. పిల్లకేం సంబంధం లేదు."